గజ్జెలత్త మేడ మీద

మొన్న మా మనవరాలి బడి వార్షికోత్సవం మా విశాఖ కళాభారతి హాల్లో జరిగింది. ఐదు నిమిషాల నృత్యానికి పిల్లకు గంటన్నరసేపు వేషం కట్టారు. కార్యక్రమం ముగిశాక దాన్ని ఇంటికి తీసుకువెళ్లడానికి వేదిక వెనక గదిలోకి వెళ్లాను. అక్కడొక తల్లి దూదిని కొబ్బరినూనెలో ముంచి కూతురి మొహం మీది రంగు తుడుస్తున్నది. లైట్ల వేడికి కరిగిన రంగు, చెమట, వాడిన మల్లెలు, వాటన్నిటి మీద కొబ్బరినూనె కలిసిన ఆ వాసన తగలగానే నా కాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. "తాతా, పద" అని పిల్ల చెయ్యి పట్టుకు లాగుతున్నా కదలబుద్ధి కాలేదు. యాభై ఏళ్ల పైమాట. వన్‌టౌన్‌లో, కోటవీధికి దగ్గరగా ఉన్న మా సందులో, ఒక రాత్రివేళ లాంతరు పక్కన కూర్చుని ఒకావిడ అచ్చం ఇలాగే మొహం తుడుచుకుంటుంటే, నూనె సీసా పట్టుకుని పక్కన నిలబడ్డది నేనే.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. తన గురించి ఎవరైనా రాస్తామంటే ఆవిడకు ఒళ్లు మండేది. మా సందు పిల్లలకు మాత్రం ఆవిడ గజ్జెలత్త. మా అమ్మ ఆవిడను వదినా అని పిలిచేది కనుక మాకు అత్త అయ్యారు. తెల్లవారకముందే ఆ ఇంట్లో గజ్జెలు మోగేవి కనుక గజ్జెలత్త అయ్యారు. నేను నటన నేర్చుకోవడానికి ఆవిడ దగ్గర చేరేనాటికి ఆ ఇంట్లో గజ్జెల చప్పుడు ఆగిపోయి చాలాకాలమైంది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

*

మా పాతపట్నంలో పొద్దు ఎన్ని చప్పుళ్లతో తెల్లవారేదో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. హార్బరులోకి వచ్చే ఓడ కూత, బురుజుపేట అమ్మవారి గుడి గంట, పక్కపక్కనే ఉన్న మూడు కొండల మీద నుంచి చర్చి గంట, దర్గా నుంచి నమాజు పిలుపు, వెంకటేశ్వరస్వామి సుప్రభాతం, వీటన్నిటి కింద అడుగున ఎక్కడో గజ్జెలత్త ఇంటి గచ్చు మీద పడే అడుగుల చప్పుడు. కొయ్యదిమ్మె మీద కర్రతో తాళం కొడుతూ ఆవిడ తండ్రిగారే తకధిమి చెప్పేవారు. ఆయన హార్బరులో టాలీ గుమస్తా. ఓడలోంచి దిగిన బస్తాలను పగలంతా లెక్కపెట్టడం, తెల్లవారుజామున కూతురి అడుగులను లెక్కపెట్టడం, ఇంతకుమించి ఆయనకు వేరే వ్యాపకం ఉన్నట్టు మేమెప్పుడూ చూడలేదు.

ఆ రోజుల్లో ఉద్యోగస్థుల ఇంటి ఆడపిల్ల కాలికి గజ్జె కట్టడం చిన్న సంగతి కాదు. కూచిపూడిలో తరతరాలుగా ఆడవేషాలు సైతం మగవాళ్లే కట్టేవారు. పెళ్లిళ్లలో మేజువాణి ఆడే కళావంతుల స్త్రీలను సంఘం ముందు పిలిచి ఆడించి, ఆ తరవాత వాళ్లనే వెలివేసింది. ఈ రెండింటి నడుమ, ఎవరూ నడవని ఇరుకు దారిలో ఆవిడ తండ్రిగారు కూతురి చెయ్యి పట్టుకుని నడిచారు. మేజువాణీల్లో ముందువరస కుర్చీల కోసం పోటీపడ్డ పెద్దమనుషులే ఆయనతో మాటలు మానేశారని మా నానమ్మ చెప్పేది. ఆయనకు అది పట్టినట్టు కనిపించేది కాదు. 1963లో కూచిపూడి నాట్యగురువు వెంపటి చినసత్యంగారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక మంచి కుటుంబాల పిల్లలు వరసకట్టి చేరారని, తాను పదేళ్లు ముందు పుట్టడమే తన తప్పని అత్త నవ్వుతూ అనేవారు. ఆ నవ్వులో కొంచెం చేదు ఉండేది.

ఆవిడ ఆడినవి పెద్ద సభలేమీ కావు. ఉగాదికి, దసరాకు, కార్మిక సంఘాల వార్షికోత్సవాలకు నాటకాలు వేసేవారు. ఒక రంగం అయిపోయి ఇంకో రంగానికి సెట్టు మార్చాలంటే పావుగంట పట్టేది. తెర వెనక సుత్తిదెబ్బలు వినిపిస్తుంటే, ముందు జనం ఈలలు వేస్తుంటే, ఆ పావుగంటను నిలబెట్టడానికి తెర ముందున్న నాలుగడుగుల చోటులో అత్త ఆడేవారు. కరపత్రంలో నాటకం పేరు, నటుల పేర్లు, ప్రాంప్టరు పేరుతో సహా ఉండేవి. ఈవిడకు మాత్రం "మధ్యమధ్య నృత్యములు" అన్న రెండు ముక్కలే దక్కేవి. ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రం సత్యభామ కథ అయిన భామాకలాపం పూర్తిగా ఆడే అవకాశం వచ్చేది. ఆ రాత్రి మా సందు సందంతా తరలి వెళ్లేది. ఇద్దరు మనుషులు అడ్డంగా పట్టుకున్న తెర మీదుగా జడ ఒక్కటి ఇవతలికి పడగానే జనం సర్దుకుని కూర్చునేవారు. భామ ఇంకా కనిపించదు. ఆ జడకుచ్చులు కదిలే తీరునుబట్టి ఆవిడ ఎంత గర్విష్ఠో మనకు అర్థమైపోవాలి. పాత్ర తానెవరో తానే పాడి చెప్పుకుంటూ అడుగుపెట్టే ప్రవేశదరువు ముగిసేసరికి మా అత్త ఎవరో మేం మరిచిపోయేవాళ్లం.

నూనె సీసా సంగతి ఆ రోజులదే. ఆట ముగిశాక ఇంటికి వచ్చి, లాంతరు వెలుగులో అద్దం ముందు కూర్చుని మొహానికి సగమే తుడుచుకుని నావైపు తిరిగేవారు. ఎడమవైపు సాగదీసిన కాటుక, ఎర్రటి బుగ్గ, కోపంతో పైకి లేచిన కనుబొమ. కుడివైపు నూనెతో జిడ్డోడుతున్న, నిద్ర చాలని, రేపటి రేషను బియ్యం గురించి ఆలోచించే మా అత్త. "ఇందులో ఎవరు నిజంరా?" అని అడిగేవారు. నేను ప్రతిసారీ కుడివైపు చూపించేవాణ్ణి. "తప్పు" అని ఆ రెండో సగం కూడా తుడిచేసుకునేవారు. జవాబు ఏమిటో ఎన్నడూ చెప్పలేదు.

*

మోకాలు దెబ్బతిన్న రాత్రి నేను అక్కడ లేను. ఎవరిదో వార్షికోత్సవం. ఎవరిదో నాకు తెలుసు, అయినా ఇప్పుడు అనుకుని లాభం లేదు. హడావుడిగా బల్లలు చేర్చి కట్టిన వేదిక. రెండు బల్లల మధ్య సందును పైన పరిచిన జంపఖానా కప్పేసింది. తరంగం ఆడుతూ, ఇత్తడి పళ్లెం అంచు మీద కాళ్లు మోపి ముందుకు జరుగుతుండగా పళ్లెం ఆ సందులో పడింది. తలమీద నీళ్ల చెంబు కింద పడకుండా చేత్తో పట్టుకున్నారట, పడ్డది తానే. డాక్టరు ఆర్నెల్లు కట్టు కట్టి, ఆ తరవాత మెట్లు ఎక్కవచ్చు గాని గజ్జె కట్టకూడదని చెప్పాడు. నిర్వాహకులు ఒప్పుకున్న పారితోషికంలో సగం పంపించారు, సగం ఆటే ఆడారు కదా అని. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం అత్త నవ్వేవారు కారు.

ఆ తరవాత దాదాపు ఏడాదిపాటు ఆ ఇంట్లోంచి ఏ చప్పుడూ రాలేదు. మా అమ్మ సాయంత్రాలు వెళ్లి కూర్చుని వచ్చేది. ఏం మాట్లాడుకునేవారో తెలియదు.

ఆ మౌనంలోంచి ఆవిడను బయటికి లాగింది రేడియో. 1963లోనే మన ఊళ్లో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. నాటకాలకు గొంతులు కావలసివచ్చాయి. కూచిపూడిలో నర్తకి కేవలం ఆడదు, పాడుతుంది, మాట్లాడుతుంది. వాచికం, అంటే మాటతో చేసే అభినయం, ఆ సంప్రదాయానికి ప్రాణం. సత్యభామ సంభాషణలు పదిహేనేళ్లు చెప్పిన గొంతు మోకాలితోపాటు పాడవలేదు కదా అని ఎవరో స్నేహితురాలు పట్టుబట్టి సిరిపురంలోని రేడియో కేంద్రానికి తీసుకువెళ్లింది. మొదటి రోజు అనుభవాన్ని అత్త మాకు నటించి చూపించేవారు. మైకు ముందు నిలబడగానే చేతులు వాటంతటవే ముద్రలు పట్టడం మొదలుపెట్టాయి. గాజులు గలగలమన్నాయి. చేతిలో కాగితాలు రెపరెపలాడాయి. నేల మీద పాదం తాళం వేసింది. అన్నీ మైకులోకి వెళ్లాయి. రెండోసారి గాజుల మీద చేతిరుమాలు చుట్టుకుని, చెప్పులు వదిలి, కాగితాన్ని అంచు పట్టుకుని, పాదాలను ఒకదానిమీద ఒకటి వేసి తొక్కిపట్టి నిలబడ్డారు. "ఒళ్లంతా కట్టేస్తే అప్పుడు గొంతు లేచిందిరా" అనేవారు. "పదిహేనేళ్లు చేతులతో చెప్పిన అబద్ధాలన్నీ ఆ ఒక్క రోజున బయటపడ్డాయి."

నటన నేర్పాలన్న ఆలోచన ఆ రేడియో గదిలోనే పుట్టిందని నా నమ్మకం. ఆవిడ మాత్రం ఒప్పుకునేవారు కారు, డబ్బు అవసరమై పెట్టానని తేల్చేసేవారు.

*

ఆవిడ మొదటి పాఠం నాకు చీకట్లో అందింది, అది పాఠమని తెలియకుండానే. 1971 డిసెంబరు. యుద్ధం. ఊరంతా బ్లాకవుట్. కిటికీలకు నల్ల కాగితాలు అంటించాం. రోజూ రాత్రి మా మేడల మీదుగా తిరిగిపోయే యారాడ కొండ లైట్‌హౌస్ వెలుగు కూడా లేదు. మూడో తేదీ అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడుకు తలుపులు అదిరి లేచి కూర్చున్నాం. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరం దగ్గరే పేలి మునిగిపోయిందని తరవాత తెలిసింది. ఆ రాత్రి మాత్రం సముద్రం విరుచుకుపడిందనే అనుకున్నాం.

మర్నాటి రాత్రి నుంచి అత్త సందులోని పిల్లలందరినీ తన ముందుగదిలో కూర్చోబెట్టుకునేవారు. దీపం లేదు. ఎవరి మొహం ఎవరికీ కనిపించదు. ఆవిడ ఒక వాక్యం చెప్పేవారు. "తలుపు తియ్యమ్మా." అంతే. ఎవరు అంటున్నారో మేం చెప్పాలి. ముసలాయన, పోస్టుమాను, అప్పులవాడు, ఇల్లు విడిచిపోయి తిరిగివచ్చిన కొడుకు. అప్పులవాడి గొంతు గట్టిగా ఉంటుందనుకున్నాం. అది చాలా మెత్తగా, దాదాపు ప్రేమగా వినిపించింది. "డబ్బు రావలసినవాడు మెత్తగానే పిలుస్తాడు, తలుపు తెరిచేదాకా" అన్నారు చీకట్లోంచి. ఆ రాత్రుల తరవాత మాకెవరికీ చీకటంటే భయం లేకపోయింది.

*

నేను బ్యాంకులో గుమస్తాగా చేరిన ఏడాది అత్త మేడ మీద నడిపే నటన తరగతిలో కూడా చేరాను. విశాఖ అప్పటికే నాటకాల ఊరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో, అంటే ఆంధ్రా యూనివర్సిటీలో, రిజిస్ట్రారుగా కె.వి. గోపాలస్వామిగారు, గ్రంథాలయంలో అబ్బూరి రామకృష్ణారావుగారు విద్యార్థుల చేత నాటకాలు ఆడించిన నాటి నుంచి ఊరికి ఆ గాలి తగిలింది. హార్బరు, షిప్‌యార్డు, రిఫైనరీ, రైల్వే, ఎక్కడ వందమంది ఉద్యోగులుంటే అక్కడొక నాటక సమాజం. షిఫ్టు దిగి రిహార్సలుకు, రిహార్సలు నుంచి నాటక పరిషత్తుల పోటీలకు రాత్రి బస్సులో ప్రయాణం. మా తరగతిలో షిప్‌యార్డు వెల్డరు, హార్బరు కళాసీ, నర్సు, ఇద్దరు బడిపంతుళ్లు, నేను. నెలకు పది రూపాయలు. ఇవ్వలేనివాడు వీధి కుళాయి నుంచి రెండు బిందెల నీళ్లు మేడ మీదికి మోసి కుండ నింపాలి. మొదటి మూడు నెలలూ మాలో సగం మంది నీళ్లే మోశాం.

డైలాగు ఇస్తారని వెళ్తే నెలరోజులు నడిపించారు. మా వెల్డరుకు విసుగు వచ్చింది. "ఏటండీ టీచరుగారూ, నడక కూడా నేర్సుకోవాలేటి? నడకొచ్చు గదండీ మాకు" అన్నాడు. "నీకు వచ్చింది నీ నడక. మీ నాన్న నడక నడిచి చూపించు" అన్నారు. అతని తండ్రి హార్బరులో మూటలు మోసి పోయిన మనిషి. అతను వీపు వంచి, మూట ఎత్తుకున్నట్టు నాలుగడుగులు వేశాడు. "మూటతో ఎవడైనా నడుస్తాడు. మూట దించేశాక ఎలా నడిచేవాడో చూపించు" అన్నారు. అతను నిలబడిపోయాడు. చాలాసేపటికి నడిచాడు. మెడ ఇంకా కొంచెం ముందుకే ఉంది. కుడి భుజం దిగే ఉంది. చేతులు మాత్రం తేలికైనట్టు, ఏం చెయ్యాలో తెలియనట్టు గాల్లో ఊగుతున్నాయి. గోడ దాకా వెళ్లి వెనక్కు తిరిగేసరికి అతని కళ్లలో నీళ్లున్నాయి. టీచరుగారు ఏమీ అనలేదు. లేచి వెళ్లి టీ పెట్టుకొచ్చారు. ఆవిడ మెచ్చుకోవడమంటే అదే. నా వంతు టీ కోసం నేను ఏడాదిన్నర ఆగవలసివచ్చింది.

నందికేశ్వరుడి నాట్యగ్రంథం అభినయ దర్పణంలో "యతో హస్తస్తతో దృష్టిః" అని ఒక ప్రసిద్ధ శ్లోకం ఉంది. చెయ్యి ఎక్కడికి పోతే చూపు అక్కడికి, చూపు పోయిన చోటికి మనసు, మనసున్న చోట భావం, భావమున్న చోట రసం అని దాని సారాంశం. నర్తకిగా ఆ శ్లోకం మీదనే బతికిన మనిషి, నటన పాఠంలో దాన్ని తిరగేసి చెప్పేవారు. "నాటకంలో చెయ్యి ఆఖరున రావాలి. ముందు మనసుకు తట్టాలి, తట్టింది కంట్లో పడాలి, ఆపైన అవసరమైతేనే చెయ్యి లేవాలి. అవసరం లేకపోతే జేబులో పెట్టుకో" అనేవారు. ఇలా చెప్పడం శాస్త్రానికి ఎదురు కాదా అని మా పంతులు ఒకాయన అడిగారు. నాట్యశాస్త్రం రాసిన భరతుడే శైలిగా ఆడే నాట్యధర్మి, లోకంలో ఉన్నట్టు ఆడే లోకధర్మి అని రెండు దారులు చెప్పాడని, పళ్లెం మీద ఆడేది మొదటిది, కుర్చీలో కూర్చునేది రెండోదని, కుర్చీలో కూర్చుని పళ్లెం మీద ఉన్నట్టు ఆడేవాళ్లతోనే తనకు పేచీ అని జవాబిచ్చారు. ఇంకొకసారి ఒక మిత్రుడు, రష్యా నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ గురించి ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు, నటుడు తనను ఆ పరిస్థితిలో ఊహించుకోవాలని. అంతా విని, "మంచిదే. మనకు సాత్వికం అని ఉంది, అదీ ఇదీ పక్కపక్కన పెట్టి చదువు" అన్నారు. మనసు కదిలితే ఒంట్లో వాటంతటవే కనిపించే సాత్విక భావాలు ఎనిమిదింటిలో ఆవిడకు ఇష్టమైనది స్తంభం, అంటే కదలిక లేకుండా నిలిచిపోవడం. చెమట పట్టడం, గొంతు మారడం, రంగు పాలిపోవడం, కన్నీరు, ఇవన్నీ తరవాతి మాట. ముందు కదలకుండా నిలబడగలగాలి. పదిహేనేళ్లు క్షణం నిలవకుండా ఆడిన మనిషికి కదలకపోవడం మీద అంత మక్కువ ఏమిటని నాకు అప్పట్లో వింతగా ఉండేది.

మౌనం కొలవడానికి ఆవిడ దగ్గర గడియారం లేదు. మేడ మీద నుంచి లైట్‌హౌస్ వెలుగు కనిపించేది. "అది వెళ్లి మళ్లీ వచ్చేదాకా నోరు తెరవకు. ఆ మధ్యలో జనం నిన్ను వదిలేస్తే తప్పు నీది" అనేవారు. పెదవి విప్పడానికి సిద్ధంగా ఉండీ, మొహం మీద నుంచి వెలుగు జారిపోయి చీకటి పడి మళ్లీ వెలుగు వచ్చేదాకా ఆగడం ఎంత కష్టమో అక్కడ నిలబడ్డవాడికే తెలుస్తుంది.

*

ఒకసారి నాకు గిరీశం వేషం ఇచ్చారు. కన్యాశుల్కం మన ప్రాంతపు నాటకం; 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు, దాని చివరి అంకం మన విశాఖలోనే నడుస్తుంది. పూటకూళ్లమ్మ డబ్బును డాన్సింగ్ గర్ల్ కింద తగలేశానని గిరీశం మొదట్లోనే చెప్పుకునే చోటికి వచ్చి నేను తడబడ్డాను. ఎదురుగా కూర్చున్నది ఎవరో గుర్తొచ్చి ఆ మాటను నెమ్మదిగా, మింగేసినట్టు పలికాను. ఆవిడ ఆపారు. "ఎందుకు దాచావు?" నేను నేల చూపులు చూశాను. "నన్ను ఆ మాట అన్నవాళ్లెవరూ మింగలేదురా బాబూ. కులాసాగా, నోరు నిండా అన్నారు. నువ్వూ అలాగే అను. వాడు ఎలాంటివాడో అప్పుడు తెలుస్తుంది" అన్నారు. పదిసార్లు చెప్పించారు. పదోసారికి ఆ మాట నా నోట్లోంచి తేలిగ్గా, సిగరెట్టు పొగలాగా వచ్చింది. నాకు సిగ్గేసింది. ఆవిడ తల ఊపారు.

మధురవాణి వేషం మాత్రం తాను ఎన్నడూ వెయ్యలేదు, మా నర్సుకు నేర్పారు. ఆ అమ్మాయి వేశ్య అనగానే నడుము తిప్పడం మొదలుపెడితే, "ఆ నాటకంలో అందరికంటే తెలివిగలది ఆవిడ. తెలివి నడుంలో ఉంటుందా?" అని గదమాయించారు. కూచిపూడిలో ఆడవేషాలకు పేరుపడ్డ, మగవాడైన వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామను చూసినప్పటి నుంచి ఆవిడకు ఒక నమ్మకం ఏర్పడింది: ఆడతనం, మగతనం, గొప్పింటితనం, పేదరికం ఏవీ ఒంట్లో పుట్టవు, చూసి చూసి కట్టుకోవలసినవే అని.

యాస గురించి ఆవిడ పట్టుదల వేరు. అప్పట్లో పరిషత్తుల్లో మన ఉత్తరాంధ్ర యాసను నవ్వించడానికే వాడేవారు. మా వెల్డరు చేత నాయకుడి వేషం ఆ యాసలోనే వేయించారు. "యాస మార్చకు, దాని కింద అర్థం మార్చు" అన్నారు. ఆ నాటికకు బహుమతి రాలేదు. న్యాయనిర్ణేతల్లో ఒకరు ఉచ్చారణ శుద్ధంగా లేదని రాశారు. ఆ కాగితాన్ని మేడ గోడకు మైదాపిండితో అంటించారు. వాన వచ్చి కొట్టుకుపోయేదాకా అది అక్కడే ఉంది.

ఆవిడలో లోపాలు లేవని అనను. మంచి గొంతున్నవాడి మీద పక్షపాతం ఉండేది. కోపం వస్తే పేరు పెట్టి కాదు, వేసిన వేషం పేరుతో పిలిచి తిట్టేవారు. పరిషత్తులో నాకు ఉత్తమ నటుడి షీల్డు వచ్చిన రాత్రి, నేను నిజంగా ఏడ్చిన ఆఖరి రంగం గురించి ఏమంటారోనని పక్కన చేరాను. "నీ కన్నీళ్లు మూడో వరస దాకా కనిపించాయి. వెనకాల కూర్చున్నవాడు నీ వీపే చూశాడు. వీపుతో ఏం చేశావు?" అన్నారు. బస్సులో తెల్లవార్లూ ఆ మాటే నన్ను కుమ్మింది.

*

బహుశా ఇరవై ఏళ్ల కిందటి నుంచి తరగతికి వచ్చేవాళ్లు మారారు. నాటకాలు తగ్గాయి. సమాజాలకు గదులిచ్చిన క్లబ్బులు క్యారమ్సుకే మిగిలాయి. భీమిలి దారిలో సినిమా స్టూడియో వచ్చాక ఫొటోల ఆల్బం చంకన పెట్టుకుని కుర్రాళ్లు వచ్చేవారు. నలభై అయిదు రోజుల్లో నటన వస్తుందా అని అడిగేవారు. "ఎవరి నటన?" అనేవారు ఆవిడ. సగం మంది మర్నాడు రారు. మిగిలినవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఇప్పుడు టీవీ సీరియళ్లలో కనిపిస్తుంటారు, కుర్చీలో కూర్చునే తీరును చూసి నేను గుర్తుపడతాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మేడ మీద రేకుల షెడ్డు మొత్తం ఎగిరిపోయింది. గాలి తగ్గాక, పడిపోయిన చెట్లను దాటుకుంటూ మర్నాడు సాయంత్రం ఎలాగో అక్కడికి చేరాను. ఊళ్లో కరెంటు లేదు. సందంతా చీకటి. ముందుగదిలో ఐదారుగురు పిల్లలు కూర్చున్నారు, మా తోటివాళ్ల మనవలు. లోపలి నుంచి ఆవిడ గొంతు, "తలుపు తియ్యమ్మా" అంటోంది. ఒక పిల్ల "పాలవాడు!" అని అరిచింది. నేను గుమ్మంలోనే నిలబడి, ఆ ఆట ముగిసేదాకా లోపలికి వెళ్లలేదు.

*

తరగతికి ఆలస్యంగా వచ్చినవాడికి ఒక శిక్ష ఉండేది. గుమ్మంలో నిలబడి "ఆలస్యమైందండి" అన్న ఒక్క మాటను పది రకాలుగా చెప్పాలి. భయంతో, పొగరుగా, అబద్ధమాడుతూ, పెళ్లి కుదిరినవాడిలాగా, ఇంట్లో చావు కబురు విని వచ్చినవాడిలాగా. ఏ రకమో పైకి చెప్పకూడదు, ఆవిడ గుర్తుపట్టాలి. గుర్తుపట్టలేకపోతే లెక్కలో వెయ్యరు. అందరికంటే ఎక్కువసార్లు ఈ శిక్ష పడ్డది మా వెల్డరుకే. అతని షిఫ్టు ఎప్పుడూ ఏడింటికి గాని తెమిలేది కాదు. చివరి రకం, చావు కబురు, అతనికి ఎన్నడూ కుదరలేదు. గొంతు బొంగురు చేసేవాడు, తల వంచేవాడు, అక్కడితో ఆగేవాడు. "రేపు చూద్దాం, కూర్చో" అనేవారు.

ఆవిడ పోయిన రోజు మేమంతా ఉదయమే చేరాం. ముందుగదిలో చాప మీద పడుకోబెట్టారు. మొహానికి పసుపు రాశారు, అంతకు మించి రంగు లేదు. వెల్డరు అప్పటికి రిటైరై అనకాపల్లి దగ్గర కొడుకు దగ్గర ఉంటున్నాడు. కబురు ఆలస్యంగా అందింది. అతను వచ్చేసరికి పాడె కట్టడం అయిపోయింది. చెప్పులు బయట విడిచాడు. మనుషుల్ని తప్పించుకుని లోపలికి వస్తాడనుకుంటే రాలేదు. గుమ్మంలో, పాత చోటనే నిలబడ్డాడు. చేతులు రెండూ పక్కన వేలాడుతున్నాయి. ఏ చెయ్యీ లేవలేదు. గదిలో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరో అతన్ని పిలవబోతే నర్సు చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

లైట్‌హౌస్ వెలుగు ఒకసారి వెళ్లి వచ్చేంతసేపు అతను అలాగే ఉన్నాడు.

"ఆలీసమైపోనాదండి" అన్నాడు.